వత్సల మహర్షి కోరిన వరం

పూర్వం, కొండలు ఇంకా తమ చోట్లలో కుదురుకుంటున్న కాలంలో, శీతవాహినీ నదీతీరాన వేదవేదాంగ పారంగతుడూ శాంతమూర్తీ అయిన వత్సల మహర్షి ఒక గురుకులాన్ని నడుపుతూ, రాజకుమారులనూ ఋషుల బిడ్డలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి, నలుగురిని నడిపించే విద్య నేర్పుతుండేవాడు. ఆ విద్య వల్లెవేస్తే రాదని ఎరిగిన ఆ మహానుభావుడు ఆశ్రమంలో ఒక ఆచారం పెట్టాడు. వంతు వచ్చిన శిష్యుడు ఒక పక్షంపాటు అగ్రణిగా మోదుగ దండం ధరించాలి. ఆవులను ఎప్పుడు తోలాలో, సమిధలకు ఎవరు వెళ్ళాలో, వంట ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ పక్షమంతా అతడి మాటే చెల్లాలి.

ఆచారం గొప్పదే. కాని మహర్షి మనసు మరీ మెత్తన. అగ్రణి కట్టించిన పలుపు వదులుగా ఉంటే తానే వెళ్ళి బిగించేవాడు. ఆరబోసిన ధాన్యం మరచిపోతే వాన రాకముందే తానే ఎత్తి లోపల పెట్టేవాడు. శిష్యులు తప్పు చేసి బాధపడటం ఆయన చూడలేకపోయేవాడు.

ఆయన ధర్మపత్ని, సాధ్వీమణి సువ్రత, ఒకనాడు ఆయన శిష్యుల పొయ్యి దగ్గరకు వెళ్తుంటే ఉండబట్టలేక అంది: "స్వామీ, ఒక్క పూట మాడిన అన్నం తింటే ఎవరికీ ఏమీ కాదు. ఆ పొయ్యి వాళ్ళది. మీరెందుకు అందులో చెయ్యి పెడతారు?"

"పసివాళ్ళు, సువ్రతా!"

"మీసాలొచ్చిన పసివాళ్ళు" అని ఆమె నవ్వింది. ఆయనా నవ్వి, యథాప్రకారం పొయ్యిలోని కట్టె వెనక్కి లాగాడు. కొంతకాలానికి ఆ పుణ్యవతి స్వర్గస్థురాలైంది.

ఆయన శిష్యులందరిలో మేటి అయిన ఋతసేనుడు విద్య ముగించి, తండ్రి అనంతరం సింహాసనం అధిష్ఠించి, ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకుంటుండగా, ఒక వర్షర్తువులో శీతవాహిని ఉప్పొంగింది. తూర్పు కట్ట తెగ్గొడితే నీరు రాజోద్యానాల మీదుగా పోతుంది. లేదంటే దిగువ పల్లెలు మునుగుతాయి. మంత్రులు చేతులు జోడించి నిలబడ్డారు. ఏం చేయాలో రాజుకు తెలుసు. అయినా గురువు అనుమతి తెమ్మని ఒక రౌతును ఆశ్రమానికి పంపించాడు. మహర్షి "తెగ్గొట్టు" అన్న మాట మోసుకుని రౌతు తిరిగి వచ్చేసరికి, తెగ్గొట్టవలసిన అవసరమే లేకుండా పోయింది. పల్లెలు లేవు.

నీరు తీసిన తరువాత ఋతసేనుడు కిరీటం లేకుండా, బురద కాళ్ళతో వచ్చి గురువు పాదాల దగ్గర కూలబడ్డాడు.

"నాకు తెలుసు గురుదేవా! మీరు ఒక్కసారి సరేనంటే చాలనుకున్నాను. ఇక్కడున్నన్నాళ్ళూ నేను చెప్పినదేదీ చెడిపోలేదు. చెడిపోబోతే మీరు దిద్దేవారు. ఈసారి కూడా..."

మహర్షి శిష్యుడి కాళ్ళు కడిగి, గంజి తాగించి పంపాడు. ఆ తరువాత సువ్రత కూర్చునే అరుగు దగ్గరకు వెళ్ళి, నువ్వు చెప్పిందే నిజమని చెప్పుకోవడానికి ఆమె లేదని గుర్తొచ్చి, నది వైపు నడిచాడు.

అనంతరం ఆ తపోధనుడు ఆహారం విడిచి, నదీగర్భంలో నిలిచి ఘోరతపస్సు చేయగా, వాచస్పతీ సురగురువూ అయిన బృహస్పతి ప్రసన్నుడై ప్రత్యక్షమయ్యాడు.

"వత్సలా, ఏం కావాలయ్యా?"

"ఆ పల్లెల ప్రాణాలు, దేవా!"

"అవి యమధర్మరాజు సొత్తు. తిరిగి రావు" అన్నాడు బృహస్పతి మెల్లగా. "ఇసుక మేట వేసిన ఆ పొలాలు మళ్ళీ పండుతాయి. అంతవరకే నా చేతిలో ఉంది. మరొకటి కోరుకో."

"అయితే, శిష్యుడు దండం పట్టినంతకాలం నా చేతులు లేవకుండా అనుగ్రహించండి."

సురగురువు నిట్టూర్చాడు. "ఆ వరం నాకూ ఎవరైనా ఇస్తే బాగుండేది. మా ఇంద్రుణ్ణి చూశావుగా, కిరీటం పక్కకు ఒరిగినా నా గుమ్మం ముందుకే వస్తాడు. పిలిస్తే పలకకుండా ఉండటం నాకింతవరకూ చేతకాలేదు. నీకైనా చేతనవుగాక. తథాస్తు!"

కొన్నాళ్ళకు శారద్వతి అనే బ్రహ్మవాదిని అగ్రణి అయింది. ఆమె అందరినీ వెంటబెట్టుకుని సమిధలకు వెళ్ళిన సమయాన కొండమీద మబ్బు కమ్మింది. ముంగిట నివ్వరి ధాన్యం ఆరబోసి ఉంది. మహర్షి చూశాడు. చేతులు ఒడిలోంచి కదలలేదు. చినుకు పడింది, గింజ తడిసింది. ఆయన కన్నులూ తడిసాయి.

పరుగున వచ్చిన శిష్యుల్లో ఒకడు, "ఏమమ్మా అగ్రణీ, రేపటినుంచి మొలకలే మృష్టాన్నమా?" అన్నాడు.

"మొలకలే. తప్పు నాది, తిండి అందరిదీ" అంది శారద్వతి. "నవ్వడం అయిందా? అయితే ఆ చాప కొస పట్టు. పైన తడిసింది వేరుగా తియ్యండి, అడుగుది బాగానే ఉంది. ఇకమీదట సమిధలకు వెళ్ళేటప్పుడు ఇద్దరు ఇక్కడే ఉండాలి."

ఆమె ఒక్కసారైనా గురువు వైపు తిరిగి చూడలేదు.

మర్నాడు మహర్షి శిష్యుల పంక్తిలో కూర్చుని, తడిసిన గింజతో కాచిన, ముక్కవాసన వేస్తున్న గంజిని ఆకులో చుక్క మిగలకుండా తాగాడు. దిగువన పొలాలు పచ్చబడ్డాయి. ఋతసేనుడు గురువు మాటకోసం మళ్ళీ ఎన్నడూ రౌతును పంపలేదు. ఈ కథను శ్రద్ధగా విన్నవారి ఇళ్ళలో పిల్లలకు తమ తప్పు తామే దిద్దుకునే వ్యవధి, పెద్దలకు అంతవరకూ ఊరుకోగల ఓర్పు లభించుగాక!