వరాళి నేర్పని గురువు

పూర్వం, కృతయుగం ముగిసి త్రేతాయుగం ఇంకా కాళ్లూనుకోని రోజుల్లో, తుంగభద్రా తీరాన తాండ్యాయనుడనే నాదయోగి పన్నెండేళ్లు ఆకులలములు తిని వాగ్దేవిని ఆరాధించి, ఆ హంసవాహన వీణ నుండి వరాళి రాగాన్ని వరంగా పొందాడు. ఇస్తూనే ఆ తల్లి ఒక కట్టుబాటు పెట్టింది.

"నాయనా, శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని దీన్ని పాఠం చెప్పావా, మీ ఇద్దరి బంధం తెగిపోతుంది."

ఏళ్లు గడిచి మునికి కాలం దగ్గరపడింది. తక్కిన రాగాలన్నీ శిష్యులకు అందాయి గాని, వరాళి ఆయన కంఠంలోనే ఉండిపోయింది. తనతోనే అది పోతుందన్న దిగులొకవైపు, పసికందుగా ఏటి ఒడ్డున దొరికిన నాటి నుండి గుండెల మీద పెంచుకున్న శిష్యుడు ఋతంభరుడి మీద మమకారమొకవైపు లాగగా, ఒక ఉదయం దేవి మాటను పక్కనబెట్టి, అతణ్ణి ఎదుట కూర్చోబెట్టుకొని పాఠం మొదలుపెట్టాడు.

వరాళి మధ్యమం పంచమానికి వెంట్రుకవాసి దిగువన నిలవాలి. ఋతంభరుడి గొంతు అక్కడ నిలవక పైనున్న పంచమంలోకి ఎక్కిపోయేది.

"ఇంకాస్త దించు, నాయనా."

"దించాను గదా స్వామీ."

"దించమన్నాను, పడేయమనలేదు."

"తమరు చూపే చోటు పూటకొకలా ఉంటోంది. ఇవ్వడానికి మనసొప్పడం లేదేమో."

"చెవి లేనివాడికి బ్రహ్మ దిగివచ్చినా ఇవ్వలేడు," అన్నాడు ముని.

అంతే. ఋతంభరుడు ఒడిలోని వీణ కిందబెట్టి, వెనుదిరిగి చూడకుండా ఏరు దాటి వెళ్లిపోయాడు.

మూడు రోజులు పచ్చి మంచినీళ్లైనా ముట్టక విలపిస్తున్న మునికి శ్వేతాంబరధారిణి ప్రత్యక్షమైంది.

"తప్పు నీదే. ఇక నా ముఖం చూస్తూ పాడు. వెనక ఎవరు విన్నా తిరగకు, ఎవరు తప్పినా దిద్దకు."

ఆ నాటి నుండి తాండ్యాయనుడు ప్రతి ఉదయం ఆశ్రమంలోని గుడిలో దేవి సన్నిధిలో వరాళి పాడసాగాడు. ఆవలి ఒడ్డున గొల్లల పంచన తలదాచుకున్న ఋతంభరుడి చెవిని ఆ నాదం తాకి, అతణ్ణి రోజుకు కొంత చొప్పున ఇవతలికి లాగి, చివరకు ఆశ్రమం కంచె వెనక కూర్చోబెట్టింది. అతడు సన్నగా గొంతు కలిపేవాడు; మధ్యమం తప్పేవాడు. దిద్దబోయి తనంత తానే లేచిన చేతిని ముని తొడ కింద అదిమిపెట్టుకునేవాడు. పన్నెండేళ్ల తపస్సు ఒక ఎత్తు, నోరు కట్టుకున్న ఆ నలభై రోజులు ఒక ఎత్తు.

నలభై ఒకటో ఉదయం, అంచుదాకా నిండి తొణకని కడవలా మధ్యమం నిలిచింది. ఎవరూ మీటకుండానే గర్భగుడిలో వీణ మోగింది. ఋతంభరుడు పరుగున వచ్చి ముని పాదాల మీద పడ్డాడు.

"తండ్రీ, ఆనాడు నోటికొచ్చింది అన్నాను."

"నేను తక్కువన్నానా? లేవరా."

అప్పుడు భారతీదేవి, "నేటి నుండి వరాళి నేర్పితే రాదు, వింటే వస్తుంది. అలా విని పట్టుకున్నవాణ్ణి గురువు నుండి మృత్యువు కూడా వేరుచేయలేదు," అని వరమిచ్చి అంతర్ధానమైంది.

ఆ మాఘంలో, శిష్యుడి ఒడిలో తలబెట్టుకొని, అతడు పాడుతున్న వరాళి వింటూ మునిపుంగవుడు కన్నుమూశాడు. ఆ పరంపరలో గురువులు నేటికీ వరాళి పాడేటప్పుడు శిష్యుడి వైపు తిరగరు. అమ్మవారి వైపు తిరిగి పాడతారు. వెనక కూర్చున్నవాడు వింటాడు.