దీపాలమ్మకు మూడు గోడలు

అనగనగా, అంటే మీ తాతగారి తాతగారికి ఇంకా పాలపళ్లు ఊడని రోజుల్లో, సముద్రపు ఒడ్డున గవ్వలపేట అనే ఊరు ఉండేది. ఊరి నిండా చేపల వేటకు వెళ్లేవాళ్లే. ఊరికి ఎదురుగా నీళ్లలో మొసలి బండలని పిలిచే పదునైన రాళ్లు ఉండేవి. వాటి నడుమ ఒక్క తెప్ప పట్టేంత దారి. ఆ దారి తప్పితే తెప్ప ముక్కలైపోయేది.

పూర్వం ఆ ఊళ్లో ఒక ముసలమ్మ కొడుకు వేటకు వెళ్లి, చీకట్లో దారి కానక, ఆ బండలకు తగిలి పోయాడు. నా కడుపుకోత మరే తల్లికీ వద్దనుకుని, ఆమె మెట్ట మీద పగిలిన కుండలో దీపం పెట్టింది. రోజూ పొద్దు గూకే వేళకు వెలిగించేది. ఆ వెలుగును ముక్కుకు సూటిగా పెట్టుకుని వస్తే చాలు, తెప్పలు బండలు దాటి క్షేమంగా ఒడ్డుకు చేరేవి. ముసలమ్మ పోయాక కూడా ఊరివాళ్లు ఆ దీపాన్ని కొండెక్కనివ్వలేదు. దానికి దీపాలమ్మ అని పేరు పెట్టి దండం పెట్టుకున్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. మేలు చేసినదానికి మొక్కితే తప్పేముంది?

కాలం గడిచింది. ముసలమ్మ సంగతి అందరూ మరిచిపోయారు. ఒక ఏడు ఈదురుగాలికి దీపం కొండెక్కింది. "అమ్మకు గాలి తగలడమా! ఎంత అపచారం!" అని చుట్టూ మట్టిగోడ కట్టి, కప్పు వేసి, సముద్రం వైపు చిన్న కిటికీ ఉంచారు. ఆ ఏడు ఒక తెప్ప బండలకు తగిలింది.

అమ్మకు కోపం వచ్చిందన్నారు. కిటికీలోంచి మైల చూపులు పడుతున్నాయన్నారు. చుట్టూ మరో గోడ కట్టి ఆ కిటికీ కూడా మూసేశారు. ఈసారి ఇంకా ఎక్కువ తెప్పలు పోయాయి. దాంతో రాజుగారి కాళ్ల మీద పడ్డారు. రాజు మహా భక్తుడు. మూడో గోడ రాతితో కట్టించి, కంచు తలుపులు పెట్టించి, ఏటేటా మేకపోతులను కూడా పంపించాడు. ఇక దీపం వెలుగు చీమ దూరే సందులోంచైనా బయటికి రాలేదు. తెప్పలు పోయినకొద్దీ భక్తి పెరిగింది, భక్తి పెరిగినకొద్దీ గోడలు లేచాయి. ఇదేమిటని అడిగిన నాథుడు లేడు.

అడిగింది కొర్లమ్మ. ఆమె తండ్రి ఆ బండల దగ్గరే పోయాడు. భర్త పోలయ్య రోజూ ఆ బండలు దాటే బతుకుతున్నాడు. ఆమె దేవుడంటే గిట్టని మనిషి కాదు. శుక్రవారం శుక్రవారం ఒక్కపొద్దు ఉండి, అమ్మకు నూనె పోసి, పోలయ్యను చల్లగా చూడమని మొక్కుకునేది.

ఒకనాడు ఊరంతా కలిసి వల లాగుతున్నారు. తాతలనాటి పాట పాడుతున్నారు.

"దీపమ్ము సూసి రావయ్యో, హైలెస! బండల నడుమా రావయ్యో, హైలెస!"

కొర్లమ్మ చెయ్యి ఆగిపోయింది. పుట్టినప్పటినుంచీ పాడుతున్న పాటే. మాట మాత్రం ఇవాళే చెవిన పడింది.

తిన్నగా పూజారి దానయ్య దగ్గరికి వెళ్లింది. "దానయ్య మావా! దీపం సూసి రమ్మని కదా మన పాట? గుడిలోని దీపం సముద్రానికి ఎలాగ అవుపడతాది?"

దానయ్య మంచివాడే. "మనసుతో సూడాలే, పిల్లా," అన్నాడు.

"బండలు మనసుకి తగల్డం నేదు కదా మావా, తెప్పకి తగుల్తన్నాయి," అంది కొర్లమ్మ. ఆయన గంట వాయించుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ఊరి పెద్దల దగ్గర అడిగింది. "అమ్మ మీద ఆరాలు తీస్తే కళ్లు పోతాయి. నీ మొగుడు రోజూ సముద్రం మీదికి ఎల్తన్నాడు, గేపకం పెట్టుకో," అన్నారు వాళ్లు.

పండక్కి వచ్చిన రాజుగారిని కూడా అడిగింది. రాజు పకపకా నవ్వాడు. "అంత పెద్ద తలుపులు చేయించినవాణ్ని, అమ్మ మనసు నాకు తెలియదా?" అన్నాడు. రాజు నవ్వితే అందరూ నవ్వారు. కొర్లమ్మ తల దించుకుని ఇంటికి వచ్చింది.

కార్తిక మాసంలో ఒక సాయంత్రం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. ఉత్తరపు గాలి ఈడ్చి కొట్టింది. తెప్పలన్నీ సముద్రం మీదే ఉన్నాయి. వాటిలో పోలయ్య ఉన్నాడు, దానయ్య ఒక్కగానొక్క కొడుకూ ఉన్నాడు. ఊరంతా గుడిలోకి పరిగెత్తింది. దీపానికి గాలి తగలకుండా కంచు తలుపులు బిగించి, గొంతులు చించుకుని భజన మొదలుపెట్టారు.

కొర్లమ్మ మాత్రం పెరట్లోని పగిలిన కుండ చంకన పెట్టుకుని, తలుపులు మూయకముందే లోపలికి వచ్చింది. జనాన్ని తోసుకుంటూ వెళ్లి దీపం మీద చెయ్యి వేసింది. ఎత్తబోయి ఆగింది. బయటికి తెస్తే ఆరిపోతుందేమో. ఆ కోపంతో అమ్మ పోలయ్యనే తీసుకుపోతే? మరుక్షణం ఇంకో మాట తోచింది. దీపం ఆరితే మళ్లీ వెలిగించుకోవచ్చు. పోలయ్య ఆరిపోతే?

ఆమె దీపాన్ని కుండలో పెట్టి ఎత్తుకుంది. జనం గొల్లుమన్నారు. దానయ్య తలుపులకు అడ్డంగా నిలబడ్డాడు.

"మావా," అంది కొర్లమ్మ, కళ్లనీళ్లు కారుతుంటే. "ఒక్క మాట సెప్పు. దీపాన్ని మనం కాపాడాలా, దీపం మనల్ని కాపాడాలా?"

అప్పుడే సముద్రం మీదనుంచి శంఖం వినబడింది. ఆపదలో ఉన్నామని తెప్పల వాళ్లు ఊదే శంఖం. దానయ్య వెనక్కి తిరిగి తన చేతులతోనే తలుపులు తీశాడు.

మెట్ట అంచున కుండ పెట్టారు. గాలికి వెలుగు చిన్నబోయింది. దానయ్య పైపంచె విప్పి తెరలా పట్టుకుని, గాలి వచ్చే వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయన పక్కన ఇంకొకరు, ఆ పక్కన మరొకరు. ఊరంతా గాలికి అడ్డుగోడగా నిలబడింది. సముద్రం వైపు మాత్రం ఎవరూ నిలబడలేదు. వెలుగు నిటారుగా లేచింది.

ఒక్కొక్క తెప్పే బండల నడుమ నుంచి వచ్చింది. పోలయ్య వచ్చాడు. దానయ్య కొడుకూ వచ్చాడు. ఒక్క తెప్ప మాత్రం రాలేదు. అది దీపం బయటికి రాకముందే బండలకు తగిలిందట. ముందే ఇంకాస్త గట్టిగా అడిగి ఉంటే బాగుండేదని కొర్లమ్మ మొగుడి భుజం మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇక్కడితో అయిపోతే వాళ్లు మనుషులెలా అవుతారు? పొద్దున్నే పసుపూ కుంకుమా పట్టుకుని జనం మెట్టెక్కారు. కుండ మహిమ గలదన్నారు, కుండకు గుడి కట్టాలన్నారు. ఎంత పెద్ద గోడలు లేపాలా అని అప్పుడే వాదన కూడా మొదలైంది.

దానయ్య నవ్వి కొర్లమ్మ వైపు చూశాడు.

"కట్టండి," అంది కొర్లమ్మ. "మొక్కండి, నేనూ మొక్కుతాను. సముద్రం వైపు గోడ మాత్రం కట్టకండి. రేపు ఎవరైనా కట్టబోతే, ఎందుకని అడిగే పిల్లల నోరు నొక్కకండి."

అలాగే కట్టారు. రాజుగారి కంచు తలుపులను ఒడ్డున పరిచి వాటి మీద చేపలు ఎండబెట్టుకున్నారు. రాజుగారికి కోపం వచ్చిందని విన్నాను. అమ్మకు మాత్రం రాలేదు.

నీతి: ఎవరి కోసం వెలిగించారో మరిచిపోతే, ఎంత నూనె పోసినా ఆ దీపం చీకటే.