గంట మోగింది కదా!

తుమ్మలకోట రాజుగారికి మనిషి మాటకంటే యంత్రం మాట మీదే గురి. కోట పక్కనున్న తూములో మంత్రి విరూపాక్షయ్య ఒక చక్రం పెట్టించాడు. ఊరికి నీళ్లు వదిలినప్పుడల్లా అది తిరిగి, కొలువులో గంట మోగుతుంది.

ఆ తూము నుంచి దిగువ పేటకు వెళ్లే మట్టిగొట్టం దారిలో పగిలి రెండు నెలలైంది. జనం మురుగునీళ్లు తేర్చుకుని తాగుతున్నారు. కాలవలు తోడే ఓబులు, ఆ నీళ్లకే పోయిన భార్యను పూడ్చి వచ్చి, కొలువులో మొరపెట్టుకున్నాడు.

"గంట మోగుతూనే ఉంది కదరా! నీళ్లు అందలేదంటే నమ్మమంటావా?" అని మంత్రి కసిరాడు. రాజుగారూ తలూపారు.

ఓబులుకు ఏడుపు కూడా రాలేదు. "అయితే మహాప్రభో, ఈ పూట మంత్రిగారి భోజనానికీ గంట కట్టించండి. వంటశాల గడప దాటే ప్రతి గిన్నెకూ ఒకసారి మోగించమనండి. గిన్నెలు మోసే పని మా పేటవాళ్లకివ్వండి" అన్నాడు. రాజుగారికి సరదా వేసి సరేనన్నారు.

గంట పన్నెండుసార్లు మోగింది. ఆకలి మీదున్న పేటవాళ్లు నడవాలోనే అన్నీ తినేశారు. ఖాళీ విస్తరి ముందు కూర్చున్న మంత్రి, "నాకు ఒక్క మెతుకూ అందలేదు!" అని మండిపడ్డాడు.

"గంట మోగింది కదా దొరా," అన్నాడు ఓబులు.

రాజుగారు పకపకా నవ్వి, "వీడన్నదీ నిజమే. దిగువ పేటలోనూ ఒక చక్రం, గంట పెట్టించండి" అని ఆజ్ఞాపించారు.

పెట్టించారు. పగిలిన గొట్టం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఓబులు కూతుర్ని పూడ్చిన రోజున రాజుగారు పేటకు వచ్చి, ఆ గంట దగ్గర చెవులు రిక్కించి విన్నారు.

"భేష్! నీళ్లు రాలేదు, గంట మోగలేదు. యంత్రం చక్కగా పనిచేస్తోంది!"