ఘుమఘుమకు పడిన శిక్ష

కందనపురం చిన్న రాజ్యమే. దాన్నేలే వజ్రకేతు మహారాజు పాండిత్యానికి మాత్రం, ఆయన లెక్కలో, హద్దుల్లేవు. ప్రతి మాటకూ పుట్టుక తెలియాల్సిందే.

ఒకనాడు వంటవాడు శోభనాద్రి చారు వడ్డిస్తూ, "ఘుమఘుమలాడుతోంది, చిత్తగించండి ప్రభూ" అన్నాడు.

రాజుగారి చెయ్యి ఆగిపోయింది. "వాసనకు చప్పుడేమిటి? ఈ మాట ఎక్కడ పుట్టింది?"

శోభనాద్రి పండితుల వైపు చూశాడు. పండితులు గ్రంథాలన్నీ తిరగేసినా ఆచూకీ దొరకలేదు. తనకు తెలియని మాట ఒకటుండడం రాజుగారికి తల కొట్టేసినట్టయింది. ఆ మాట అన్నవాళ్లకు చెరసాలేనని శాసించి, ముందుగా శోభనాద్రినే లోపలికి తోయించారు. పాపం, ఆ మనిషి చేసిన నేరం చారు బాగా కాచడం.

ఆస్థాన విదూషకుడు మాచనకు కడుపు మండింది. రాజుగారితో వాదనకు దిగితే గోడకు తల బాదుకోవడమేనని అతనికి తెలుసు.

"ఆ మాట పుట్టుక నేను చూపిస్తాను ప్రభూ. ద్వాదశినాడు, తమ పారణకు ముందే సభ తీర్చండి. చూపలేకపోతే నన్నూ శోభనాద్రి పక్కన పడేయండి" అన్నాడు.

ఏకాదశినాడు రాజుగారు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. మర్నాడు పొద్దున్నే నీరసంగా సింహాసనం మీద కూర్చున్నారు. మాచన సభ మధ్యకు కుంపటి, చారుగిన్నె తెప్పించాడు. పండితులు ముసిముసిగా నవ్వుకున్నారు. అతను ఎవర్నీ పట్టించుకోలేదు. గరిటెలో నెయ్యి కాచి, ఆవాలు, ఇంగువ, కరివేపాకు వేసి, చిటపటమనగానే చారులో వంపాడు. చుయ్యిమంది.

రాజుగారి ముక్కుపుటాలు అదిరాయి. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. "అబ్బ, ఏం ఘుమఘుమలాడుతోందయ్యా" అన్నారు.

ఒక భటుడు అలవాటు కొద్దీ సంకెళ్లు తీసి, గబుక్కున దాచేసుకున్నాడు.

మాచన చేతులు జోడించాడు. "ఆ మాట పుట్టిన చోటు ఇదే ప్రభూ. తమరు ఏ గ్రంథమూ చూసి అనలేదు. మొట్టమొదట అన్నవాడూ మీలాగే ఆకలిమీద ఉండి ఉంటాడు. తాలింపు తగలగానే అనేశాడు."

రాజుగారి మొహం ఎర్రబడింది. "అయితే నా శాసనం ప్రకారం నేనూ చెరసాలకే కదా?" అన్నారు మెల్లగా.

"తమకేం ప్రభూ, అక్కడ శోభనాద్రి ఉన్నాడు. ఇక్కడ మిగిలే మేమే పస్తు."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. శాసనం అక్కడికక్కడే రద్దయింది. తన చేతి కంకణం తీసి మాచనకు తొడిగారు. అలాంటి బుర్ర ఆ సభలో మరొకటి లేదని పండితులు కూడా ఒప్పుకున్నారు.

ఆ పూట పారణకు శోభనాద్రే వడ్డించాడు. భయం తీరక, చారు పోస్తూ నోరు గట్టిగా మూసుకున్నాడు. రాజుగారు గిన్నెలోకి వంగి వాసన చూసి, అతని బదులు ఆ మాట తామే అన్నారు.