పన్నెండో పేరు

ప్రద్యుమ్న చేసిన కళ్ళజోడు చక్కగా పనిచేసింది. చిక్కల్లా పదకొండు మందితో వచ్చింది. వాళ్ళు దాన్ని పెట్టుకోలేదు.

అది మామూలు కళ్ళజోడు కాదు, దానికి అద్దాలుండవు. ముక్కుకి రెండు పక్కలా రెండు మెత్తని బిళ్ళలు ఆనుతాయి. వాటిలోంచి చీమ నడిచినంత కరెంటు పోతుంది. ఆ చక్కిలిగింతకి కన్నీటి గ్రంథి మేలుకుని, పొడిబారి మండే కంట్లో తడి ఊరుతుంది. రోజుకి రెండుసార్లు, పదేసి నిమిషాలు పెట్టుకుంటే చాలు. నాలుగేళ్ళు కూర్చుని చేశాడు. దాన్ని అరచేతిలో పెట్టుకుని అతను మురిసిపోయే తీరు చూస్తే, ఇంట్లో పసిపిల్ల ఉంటే కుళ్ళుకునేది.

కాకినాడలో అతను పని నేర్చుకుంటున్నది త్రిపురాంబ గారి దగ్గర. వైద్య పరికరాలు చేయడంలో ఆవిడది నలభై ఏళ్ళ చెయ్యి. మాటలు మాత్రం బహు పొదుపు. శిష్యులు చేసింది బాగుంటే "ఊఁ" అంటారు. చాలా బాగుంటే ఏమీ అనరు. ఆ ఏమీ అనకపోవడం కోసం జనం ఏళ్ళ తరబడి కాచుకుని ఉండేవారు.

పరికరాన్ని పరీక్షించడానికి ఉప్పాడలో ముప్పై మంది నేతపనివాళ్ళని ఎంచుకున్నారు. జాందానీ చీర మీద బుటా వేసేటప్పుడు రెప్ప వేస్తే దారం తప్పుతుంది. అందుకని వాళ్ళు రెప్ప వేయరు, కళ్ళు ఎండిపోతాయి. వాళ్ళలో వరహాలమ్మ అనే ఆవిడకి మధ్యాహ్నం దాటితే ఒక దారం రెండుగా కనబడేది. దసరాలోగా కళ్ళు బాగుపడకపోతే మగ్గం వదిలేసి రొయ్యల షెడ్డుకి పోతానని పేరు ఇచ్చేటప్పుడే చెప్పింది. ఊళ్ళో ఆవిడంత సన్నని బుటా వేసేవాళ్ళు మరో ఇద్దరున్నారేమో.

నెల తర్వాత కంటికింద తడి కొలిచే గీతల కాగితం పెట్టి చూస్తే, పందొమ్మిది మందికి తడి పెరిగింది. పదకొండు మందికి చుక్క కూడా పెరగలేదు. ఆ పదకొండు మందీ ఆడవాళ్ళే. పరికరాన్ని ఒక్కసారైనా ముక్కు మీద పెట్టుకోలేదని దాని లోపలి లెక్కే చెప్పింది.

ప్రద్యుమ్న ఉప్పాడ వెళ్ళాడు. వరహాలమ్మ ఇంట్లో కళ్ళజోడు ఉతికిన గుడ్డలో చుట్టి, మగ్గం పక్కన మేకుకి భద్రంగా వేలాడుతోంది. ఎందుకు పెట్టుకోలేదని అడిగాడు. ముక్కుకి లోహం ఏదీ ఉండకూడదని కళ్ళజోడుతో ఇచ్చిన కాగితంలో రాశారు కదా అందావిడ. అవును, లోహం ఉంటే కరెంటు అటు లాగి చురుక్కుమంటుంది, ముక్కుపుడక తీసేసి పెట్టుకోమన్నాడు.

"అది రాదండి బాబూ."

తీయరా, రాదా అని రెట్టించాడు. ఆవిడ మళ్ళీ ఆ మాటే అంది. అతను అరగంట సేపు విజ్ఞానం బోధించాడు. ఆవిడ శ్రద్ధగా విని, గ్లాసుడు మజ్జిగ ఇచ్చి పంపింది. మిగతా పది ఇళ్ళలోనూ అదే మాట విని, తిరిగొచ్చి పదకొండు పేర్లతో జాబితా రాసి, పైన 'సహకరించనివారు' అని పెట్టి, కింద గీత గీశాడు.

మర్నాడు పొద్దున్నే ఆ జాబితా త్రిపురాంబ గారి ముందు పెట్టాడు. శుక్రవారం పరికరాన్ని చూడ్డానికి కంటి ఆసుపత్రి డాక్టర్లు వస్తున్నారు. ఈ పదకొండు మందినీ తీసేస్తే ఫలితం పటం కట్టించుకునేంత బాగుంటుంది. తీసేయడానికి అనుమతి కావాలన్నాడు.

"నా పరికరంలో లోపం లేదు మేడం. లోపం పెట్టుకోనివాళ్ళది."

ఆవిడ పేర్లన్నీ నెమ్మదిగా చదివారు. లేచి వెళ్ళి, రోగుల్ని పరీక్షించే కిటికీ పక్క కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చున్నారు. వెంట్రుకంత తీగల్ని పట్టుకోవడానికి అతను వాడే సన్నని పట్టకారు తీసి అతని చేతిలోనే పెట్టారు.

"దీన్ని తీయి," అన్నారు.

ఆవిడ ముక్కుకి కుడివైపు ఎర్రరాయి పుడక ఉంది. ఆరేళ్ళుగా రోజూ చూస్తున్న ముఖమే. పుడక ఉందని అప్పుడే చూశాడు.

రెండు నిమిషాల పని అనుకున్నాడు. వెనక మర ఎప్పుడో బిగుసుకుపోయింది. నూనె చుక్క వేశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆవిడ ముక్కు కందిపోయింది. కుడికంట్లోంచి నీరు ధారకట్టి గడ్డం దాకా జారింది. ఆవిడ తుడుచుకోలేదు, కదలలేదు.

"ఇది రాదు మేడం."

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక అతను పట్టకారు పక్కన పెట్టేశాడు.

"గట్టిగా లాగు."

"నొప్పి పుడుతుంది మేడం."

త్రిపురాంబ గారు లేచి, కొంగుతో చెంప తుడుచుకుని, జాబితా అతని ముందుకి జరిపారు.

"అయితే నా పేరు కూడా రాసుకో."

రాశాడు. పన్నెండోది. సిగ్గుతో అక్షరాలు వంకర పోయాయి.

శుక్రవారం డాక్టర్లకి ముప్పై మంది సంగతీ చెప్పాడు. పదకొండు ముక్కులకి తన పరికరం సరిపోలేదని ఒప్పుకుని రెండు నెలలు గడువు అడిగాడు. ఆ మాట అంటున్నప్పుడు తల దించుకోలేదు.

తర్వాత మొద్దు సూదితో తన ముక్కు తనే పొడుచుకుంటూ కూర్చున్నాడు. ఎముక ఆగి మెత్తని భాగం మొదలయ్యే చోట తాకితే కన్ను చెమ్మగిల్లింది. పుడక కుట్టే చోటుకి అది చాలా పైన. మరి బిళ్ళ ముక్కుపుటం దాకా ఎందుకు? చూడ్డానికి బాగుంటుందని, అంతే. ప్రాణంలా చూసుకున్న ఆ బిళ్ళల్ని ఆకురాయితో అరగదీశాడు. ఒక్కోటి కందిగింజంత అయింది. కరెంటు పక్కదారి పడితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు చేశాడు. పరికరం అందం సగానికి సగం పోయింది.

ఉప్పాడ వెళ్ళి పదకొండు ఇళ్ళలోనూ పుడక నుంచి పైకి దారంతో కొలతలు తీసుకున్నాడు. వరహాలమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ముక్కుకి కొలతలు తీసే దర్జీని ఇప్పుడే చూశానండి."

దసరాకి పది రోజుల ముందు ఆవిడ కంటికింద కాగితం మళ్ళీ పెట్టాడు. మొదట్లో మూడు గీతల దగ్గర ఆగిన తడి తొమ్మిది దాటింది. కళ్ళజోడు కింద పుడక దాని మానాన అది మెరుస్తోంది. ఆవిడ ఒకసారి రెప్ప మూసి తెరిచింది.

"చల్లగా ఉందండి," అంది. మళ్ళీ మూసి తెరిచింది. రొయ్యల షెడ్డు ఊసు ఎత్తలేదు. మగ్గం మీద సగమైన నెమలిని చూసి పొమ్మంది. దాని మెడలో ఎన్ని రంగుల దారాలున్నాయో గర్వంగా ఒక్కొక్కటే చూపించింది. అతనూ అంతే గర్వంగా చూశాడు.

మిగతా పది మందికీ తడి పెరిగిందని చూసుకుని, తిరిగొచ్చి జాబితాలో పదకొండు పేర్లూ కొట్టేసి త్రిపురాంబ గారికి చూపించాడు.

"ఒకటి మిగిలింది," అన్నారావిడ.

ప్రద్యుమ్న సంచిలోంచి ఇంకో కళ్ళజోడు తీశాడు. ఆ ముక్కుకి కొలత తీయాల్సిన పని పడలేదు. ఇరవై నిమిషాలు దగ్గర్నుంచి చూసిన ముక్కు.

ఆవిడ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుని దాన్ని పెట్టుకున్నారు. బిళ్ళలు ఎర్రరాయికి పైన, దాన్ని తాకకుండా కుదురుకున్నాయి. ఆవిడ వేలితో పుడకని తడిమి చూసుకున్నారు. ఏమీ అనలేదు.

స్విచ్ కోసం అతను ఆవిడ చెవి వెనక్కి చెయ్యి పెట్టి, అలాగే ఆగిపోయాడు. ఆవిడ రెండు కళ్ళూ నిండిపోయి ఉన్నాయి.

"మేడం, నేనింకా స్విచ్ వేయలేదు."

"తెలుసు," అన్నారు త్రిపురాంబ గారు. "పేరు కొట్టెయ్యి."