సున్నం లేని చిలక

“ఆకులో ఉన్న గుణం ఆకులోంచి తీసిన పొడికి లేకుండా ఎక్కడికి పోతుందండీ? కషాయానికి పరీక్షలో వచ్చిన అంకెనే ఈ పొడి పక్కనా వేసేస్తే తప్పేముంది?” అని శిష్యురాలు నాంచారి అడిగేసరికి, పానకాలు మాస్టారు భోజనం ముగించి తమలపాకులకు ఈనెలు తీస్తున్నారు. ఏది అడిగినా ఆయన తిన్నగా జవాబు చెప్పి ఎరుగరు. అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టి ఊరుకుంటారు. ఆయన దగ్గర మొక్కల రసాయనశాస్త్రం నేర్చినవాళ్ళంతా లోలోపల ఆయన్ని తిట్టుకుంటూనే పైకొచ్చారు.

నాంచారి బాధ చిన్నదేం కాదు. బాలింతల వేన్నీళ్ళలో వేసే వావిలాకు మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. కషాయం కాచి పరీక్ష పెడితే వాపు తగ్గించే గుణం చక్కగా కనిపించింది. ఆ గుణం దేనిదో తేల్చాలని కషాయాన్ని భాగాలుగా విడదీసింది. అందులో ఫ్లేవనాయిడ్ జాతి పదార్థం ఒకటి పసుపుపచ్చని పొడిగా చేతికి చిక్కింది. యంత్రాల మీద దాని ఆనవాళ్ళన్నీ పోల్చి, ఫలానాదని పేరు తేల్చింది. ఆ రోజు ప్రయోగశాలలో అందరికీ పూతరేకులు పంచింది కూడా. తీరా ఆ పొడికి వాపు పరీక్ష పెడితే, ఉలుకూ లేదు పలుకూ లేదు! మళ్ళీ పెట్టినా అంతే. మిగతా భాగాలు కూడా విడివిడిగా ఏమీ చేయలేదు గనక, ఆ సీసాలన్నిటినీ ‘పనికిరానివి’ అని రాసి పారబోయడానికి తొట్టి పక్కన పెట్టింది. సోమవారం పెద్దల ముందు పరిశోధన చెప్పుకోవాలి. ఇన్నేళ్ళ కష్టం గంగలో కలిసినట్టేనని ఆమె దిగులు.

మాస్టారు రెండాకుల్లో వక్క పెట్టి, చిలక చుట్టి ఆమెకిచ్చారు. “నములమ్మాయ్.”

ఇప్పుడిదేమిటిరా భగవంతుడా అనుకుంటూనే నమిలింది. నోరంతా వగరు. కాసేపయ్యాక ఆయన గోడకున్న అద్దం వైపు చెయ్యి చూపించారు.

“నోరు పండిందా?”

నాంచారి నాలుక చాపి చూసుకుంది. “లేదండీ.”

“అయితే వక్కలో సరుకు లేదన్నమాట. అవతల పారేద్దామా?”

“అయ్యో, సున్నం రాయందే ఎలా పండుతుందండీ!”

అనేసరికి ఆమెకు తొట్టి పక్కన పెట్టిన సీసాలు గుర్తొచ్చాయి. మరుక్షణం ప్రయోగశాలకు పరుగెత్తింది. తొట్టి దగ్గర సీసాలు ఇంకా ఉన్నాయి. బతికానురా దేవుడా అనుకుని వాటన్నిటినీ ఒళ్ళో పెట్టుకుని నేలమీదే కూలబడింది. ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. కాస్త తేరుకుని మళ్ళీ మాస్టారి గదికి వచ్చింది.

“అయితే నా పొడికి తోడు కావలసింది ఆ సీసాల్లో ఉందంటారా మాస్టారూ?”

“నాకేం తెలుసు? నేను నీకు పెట్టింది తమలపాకు. వావిలాకు సంగతి వావిలాకునే అడగాలి.”

అంటే మళ్ళీ కలిపి చూడాలి, ఒకదాని తర్వాత ఒకటి, నెలల పని. అప్పటికీ ఏమీ తేలకపోవచ్చు. నాంచారి అడిగింది. “మరి సోమవారం వాళ్ళకేం చూపించను?”

మాస్టారు తన ఆకుకు తీరిగ్గా సున్నం రాసుకున్నారు.

“ఇందాక అద్దంలో చూసుకున్నావుగా, పండని నాలుక. నీ పొడి పక్కన అదే వేసి చూపించు.”