కోట మలుపులో పగిలిన దీపాలు

ఆ రాజ్యంలో మలుపు తిరిగే ప్రతి బండీ, తిరిగేవైపు ఎర్రదీపం చూపించాలని శాసనం. దీపం లేని బండిని కొత్వాలు ఊళ్ళోకి రానివ్వడు. దీపాలు పగిలి బతుకుతెరువు పోయిన నలభైమంది బండివాళ్ళను, వాళ్ళలో ఒకడైన పైడయ్య ఒకచోట చేర్చి, అందరం కలిసి కొత్తవి కొంటే చవకని, ఎవరికి ఏ దీపం కావాలో జాబితా రాశాడు.

"అనుమతి లేకుండా జనాన్ని కూడగట్టాడు ప్రభూ! ఇది తిరుగుబాటే!" అంటూ కొత్వాలు అతన్ని రాజు ముందు నిలబెట్టాడు.

రాజు జాబితా చూశాడు. "అందరికీ కుడిదీపమే కావాలా? ఎడమది ఎవరికీ అక్కర్లేదా?"

"అక్కర్లేదు ప్రభూ. కోట మలుపులో కొత్వాలుగారి రథం దీపం చూపకుండా తిరిగినప్పుడల్లా మా కుడివైపే తగిలింది. జనాన్ని కూడగట్టింది వారే, నేను పేర్లు రాసుకున్నానంతే. ఇంకో రెండు నెలలు వారిని ఇలాగే తిరగనివ్వండి. నూరు దీపాలైతే వ్యాపారి ఇంకా తగ్గించి ఇస్తానన్నాడు."